వీపు సంచికి వేసిన కమిటీ

ఎలాంటి కెమెరా సంచి కొనాలని మా ఇంటికొచ్చే పిల్లలు తరచుగా అడుగుతుంటారు. ఉద్యోగం అయిపోయాక ఆదివారాలు మా మేడ మీద నలుగురైదుగురికి ఫొటోలు తీయడం నేర్పుతున్నాను. తెల్లారకముందే లేచి గుట్టలెక్కి పక్షుల వెంట పడే పిల్లలు వాళ్లు. వాళ్లకు నేను రెండు మాటల్లో జవాబు చెప్పగలను. కానీ ఆ రెండు మాటలు తెలుసుకోవడానికి నాకూ, మా ఆఫీసుకూ, ముగ్గురు సభ్యుల కమిటీకీ కలిపి ఎనిమిది నెలలు పట్టింది. అందుకని కాస్త ఓపిక పట్టి మొత్తం వినండి.

నేను పని చేసింది పాత రాళ్ల వివరాలు నమోదు చేసే ఒక ప్రభుత్వ ఆఫీసులో. ఎక్కడో చేను గట్టున చెక్కుడు రాయి కనబడిందనో, బండ మీద పాత అక్షరాలున్నాయనో ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు. నేను వెళ్లి ఫొటోలు తీసుకొచ్చేదాన్ని. వాటిని చదివే పండితులు వేరే ఉండేవారు. చదవడం నాకు రాదు. చదవడానికి వీలుగా తీయడం మాత్రం వచ్చు. ఇబ్రహీంపట్నంలో మా ఆఫీసంటే బస్టాండుకు దగ్గర్లో అద్దెకు తీసుకున్న రెండు గదులు, ముందు ఒక పొడుగాటి వరండా.

ఇరవై ఏళ్లు నేను కెమెరా పెట్టెను కుడి భుజానికే తగిలించుకుని తిరిగాను. నా ఎత్తు ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. కుడి భుజం ఎడమ దానికంటే కిందికి దిగిందని నాకు మొదట చెప్పింది జాకెట్లు కుట్టే టైలరు. ఆయన ఏమీ అనుకోకుండా అటువైపు కొంచెం దించి కుట్టడం మొదలుపెట్టాడు. నేనూ ఏమీ అనుకోలేదు. తర్వాత ఒకరోజు పొద్దున తల దువ్వుకుందామంటే చెయ్యి పైకి లేవలేదు. దవాఖానకు పోతే డాక్టరమ్మ నా భుజం నొక్కి చూసి, ఇక ఒక భుజాన బరువు మోయొద్దంది. బరువు రెండు భుజాల మీదా సమంగా పడాలని, అక్కణ్ణుంచి నడుము మీదికి దిగాలని, కొండలెక్కేవాళ్లు వేసుకునే నడుము పట్టీ సంచి ఒకటి తీసుకోమని చెప్పింది.

ఆమె చెప్పిన మాటలే కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చాను. అదే నేను చేసిన మొదటి తప్పు. ఆ సాయంత్రమే బజారుకు పోయి సొంతంగా ఒక సంచి కొనుక్కుని ఉంటే ఈ కథే లేదు. కానీ మా ఆఫీసరు మంచివాడు. నా భుజం సంగతి చదివి నిజంగానే బాధపడ్డాడు. బాధపడి ఒక కమిటీ వేశాడు.

కమిటీకి పెద్ద మా సూపరింటెండెంటు సారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క వస్తువు కూడా పోగొట్టని మనిషి. రెండో సభ్యుడు పక్క ఆఫీసు నుంచి పిలిపించిన ఇంజనీరు. బరువుల సంగతి ఆయనకే తెలుస్తుందన్నారు. మూడో సభ్యురాలు మా స్టోర్ కీపరు అక్క. సామానంతా ఆమె చేతుల మీదుగా పోవాలి కాబట్టి. ముగ్గురూ నేనంటే అభిమానం ఉన్నవాళ్లే. ముగ్గురిలో ఒక్కరు కూడా ఎన్నడూ గుట్ట ఎక్కినవాళ్లు కాదు.

మొదటి సమావేశంలో సంచి ఎవరి కొలతకు ఉండాలన్న ప్రశ్న వచ్చింది. నాకే కదా అన్నాను. సూపరింటెండెంటు సారు నవ్వి, ఓపికగా చెప్పాడు.

"సంచి మనిషికి గాదమ్మా, పోస్టుకు. రేపు నువ్వు రిటైరైతే నీ జాగల ఆరడుగులోడు వస్తడు. గప్పుడేం జేస్తం?"

ఆ మాట విన్నప్పుడు న్యాయంగానే అనిపించింది. ఇంజనీరు దీనికి ఒక దారి చూపాడు. ఆఫీసులో అందరినీ గోడకు నిలబెట్టి టేపుతో కొలిచి, సగటు తీశాడు. ఆఫీసరు, వాచ్‌మన్, ఆ రోజు ఏదో పని మీద వచ్చి కూర్చున్న ఒక సర్పంచి కూడా అందులో కలిశారు. ఐదడుగుల ఆరంగుళాలు వచ్చింది. సరిగ్గా ఆ ఎత్తున్న మనిషి మా ఆఫీసులో ఒక్కరూ లేరు. సంచి మాత్రం ఆ మనిషి కోసమే తెప్పించాలని తీర్మానమైంది.

తర్వాత ఒక్కొక్కరి షరతులు వచ్చాయి. పక్క నుంచో వీపు వైపు నుంచో జిప్పు ఉంటే బస్సులో ఎవడైనా తెరుస్తాడని, మూతి పైనే ఉండాలని, దానికి తాళం వేసే వీలుండాలని సూపరింటెండెంటు సారు రాయించాడు. నేను గుట్టల్లో తప్పిపోతే దూరం నుంచి కనబడాలి కాబట్టి సంచి నారింజ రంగులో ఉండాలని ఇంజనీరు రాయించాడు. ఎన్ని జేబులుంటే అన్ని జేబులూ తనే వెతికి సరిచూసుకోవాలి కాబట్టి, లోపల అరలు లేకుండా ఒకటే గదిగా ఉండాలని స్టోర్ కీపరు అక్క రాయించింది. దేనికదే చూస్తే ఏదీ తప్పు కాదు. నా క్షేమం కోరి పెట్టిన షరతులే అన్నీ.

అమ్మేవాళ్లు మూడు నమూనాలు పంపారు. వాటిని పరీక్షించాలంటే లోపల బరువు పెట్టాలి. కెమెరా పెట్టుకుంటానన్నాను. ఇంకా ఆమోదం కాని సంచిలో ప్రభుత్వ కెమెరా ఎలా పెడతామని సారు అడిగాడు. చివరికి కెమెరా, లెన్సులు, స్టాండు ఎంత బరువో అంత బియ్యం తెప్పించి, పొట్లాలు కట్టి, మూడు సంచుల్లోకి మార్చి మార్చి నింపారు. కమిటీ సభ్యులు ముగ్గురూ వంతులవారీగా వాటిని వీపున వేసుకుని వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. మూడు రోజులు నడిచారు. రెండో రోజు మధ్యాహ్నానికి ఇక్కడ బియ్యం ఇస్తున్నారని బయట మాట పుట్టి, ఇద్దరు ఆడవాళ్లు రేషను కార్డులు పట్టుకుని వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. వాళ్లకు సంగతి వివరించి పంపేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. కెమెరా సంచిలో బియ్యం ఎందుకు పోస్తారని వాళ్లు అడిగారు మరి.

చివరికి అన్నిటికంటే పెద్ద సంచి గెలిచింది. పట్టీ మెత్తగా ఉందని సారుకు నచ్చింది. నన్ను పిలిచి వేసుకోమన్నారు. వేసుకున్నాను. నడుముకు రావాల్సిన పట్టీ తుంటి దాటి తొడల దగ్గర వేలాడింది. సంచి పైభాగం నా తల మీద మూరెడు ఎత్తు లేచింది. అడుగు వేస్తే పట్టీ మోకాళ్ల పైన కొట్టుకుంటోంది. ముగ్గురూ నా ముఖం వైపే చూస్తున్నారు. సారు ఇంకో నెలలో రిటైరవుతున్నాడు. ఈ ఫైలు తన చేతుల మీదుగా పూర్తి కావాలని ఆయన ఆశ.

స్టోర్ కీపరు అక్క మాత్రం దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "నిజం చెప్పు చెల్లె, గిది నీకు కుదిరిందా?"

"కుదిరింది అక్కా," అన్నాను. సంతకం కూడా పెట్టాను.

ఎందుకు పెట్టానని మీరు అడుగుతారు. ఇన్ని నెలలు ఇంతమంది నా భుజం కోసం నడిచాక, కుదరలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు వద్దంటే మళ్లీ మొదటి నుంచి బియ్యం పొట్లాలు కట్టాలన్న భయం కూడా ఉంది. ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పులన్నీ నోరు తెరిచి చేసినవి కావు. ఇలా మొహమాటపడి తల ఊపి చేసినవే.

వారం తిరక్కుండానే కందుకూరు వైపు ఒక గుట్ట నుంచి కబురు వచ్చింది. అక్కడ పొలాలన్నీ ప్లాట్లవుతున్నాయి. గుట్టను చదును చేయడానికి మిషను వస్తోంది. గుట్ట మీద ఒక బండకు పాత అక్షరాలున్నాయని ఊరివాళ్లు చెప్పారు. చదవడానికి వీలైన ఫొటో చూపిస్తే పని ఆపమని రాస్తామని పైఆఫీసు వాళ్లు అన్నారు. చూపించలేకపోతే వాళ్లు ఆపలేరు. మాకు ఉన్నది ఒక్క పొద్దుటి పూట. బాగా అరిగిన అక్షరాలు అన్ని వేళలా కనబడవు. పొద్దున సూర్యుడు బండ మీద ఏటవాలుగా పడేటప్పుడు గంటసేపు నీడలు తేలి, అక్షరం అక్షరంలా కనిపిస్తుంది. ఎండ పైకొచ్చిందంటే ఉత్త బండ.

కొత్త సంచి పనితీరు చూడాలని కమిటీ మొత్తం నాతో బయలుదేరింది. ఇక్కడ నా మూడో తప్పు కూడా చెప్పాలి. సంచి పెద్దది కదా అని ఆఫీసులో నా పేర ఉన్నదంతా అందులో కుక్కాను. మూడు లెన్సులు, రెండు స్టాండ్లు, వెలుతురును మళ్లించే తెల్ల అట్ట, గొడుగు, ఉప్మా డబ్బా, పెద్ద నీళ్ల సీసా. ఎందుకైనా మంచిదని అట్టడుగున కెమెరా, దాని మీద మిగతావి. ఖాళీ జాగా కనబడితే నింపకుండా ఉండలేకపోవడం నా ఒక్కదాని జబ్బు కాదని తర్వాత తెలిసింది.

గుట్ట కింద జీపు దిగి, సంచి తగిలించుకుని నేను ముందు నడిచాను. వెనక నుంచి చూస్తే సంచి కింద రెండు కాళ్లు మాత్రమే కనబడ్డాయని అక్క ఇప్పటికీ చెబుతుంది. మిషను అప్పటికే వచ్చి ఉంది. దాన్ని నడిపే అతను టైరుకు ఆనుకుని టీ తాగుతున్నాడు. నన్ను చూసి, ఏ కంపెనీ పార్సిలు అని అడిగాడు.

సగం గుట్ట ఎక్కాక రెండు పెద్ద బండల మధ్య సన్నటి సందు వచ్చింది. దాని అవతలే అక్షరాల బండ. మనిషి పక్కకు తిరిగితే పట్టే సందు. నేను పక్కకు తిరిగాను. సంచి తిరగలేదు. రెండడుగులు లోపలికి పోయాక నేను ఎక్కిన రాయి కాలి కింద నుంచి దొర్లిపోయింది. నేను కిందికి జారాను, సంచి పైనే రెండు బండల మధ్య బిగుసుకుపోయింది. నా పాదాలు నేలకు జానెడు ఎత్తున గాలిలో నిలిచాయి.

పట్టీల బిళ్లలు విప్పుదామని చూశాను. నా బరువంతా వాటి మీదే ఉంది కాబట్టి అవి కదలలేదు. ఇంజనీరు కింద నిలబడి, బరువు ఏ పట్టీ మీద ఎంత పడుతోందో వివరించాడు. అంతా సరిగ్గానే చెప్పాడు. సారు నా కాళ్లు పట్టుకుని పైకి ఎత్తబోయాడు. ఆయనకు నడుం పట్టేసింది. ఆయన ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. తూర్పున ఎండ బండల మీదుగా దిగి రావడం నాకు కనబడుతూనే ఉంది. అవతల బండ మీద ఒక మూల నాలుగు అక్షరాలు కూడా తేలాయి. జీవితంలో అంత దగ్గరగా అంత మంచి వెలుతురు చూస్తూ కెమెరా అందుకోలేకపోవడం అదొక్కసారే.

అక్క పట్టీ కోసేద్దామంది. సారు కూర్చున్న చోటి నుంచే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"కోసుడు వద్దమ్మా. మొన్ననే రిజిస్టర్ల ఎక్కించినం."

అక్క ఆయన వైపు తిరిగి, గొంతు పెంచకుండా చెప్పింది. "గీమెను గూడ రిజిస్టర్ల ఎక్కించినం గద సార్, ఇరవై ఏండ్ల కింద."

సారు ఊపుతున్న చెయ్యి దించాడు. కోయడానికి మాత్రం మా దగ్గర ఏమీ లేదు. అక్క చుట్టూ చూసింది. పై బండ మీద మేకలు కాసుకునే ఒకామె, గడకర్రకు కొడవలి కట్టుకుని, చేతులు మోకాళ్ల చుట్టూ చుట్టుకుని కూర్చుని మమ్మల్నే చూస్తోంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో. అక్క అడగ్గానే దిగి వచ్చి కొడవలి విప్పి ఇచ్చింది. అక్క ఒక భుజం పట్టీ కోసింది, తర్వాత రెండోది. నేను జానెడు ఎత్తు నుంచి నేల మీద పడ్డాను. అంతసేపు వేలాడినదానికి అది చాలా చిన్న పతనం.

సంచి మాత్రం పైనే ఉంది. మూతి పైనే కాబట్టి అక్క బండెక్కి, తాళం తీసి, ఒక్కొక్కటే బయటికి తీసి కిందికి అందించింది. గొడుగు వచ్చింది. ఉప్మా డబ్బా వచ్చింది. తెల్ల అట్ట, స్టాండ్లు, లెన్సులు వచ్చాయి. ఆఖరున కెమెరా వచ్చింది. దాని కింద నుంచి ఒక బియ్యం పొట్లం కూడా వచ్చింది. పరీక్ష నాటి పొట్లం, తీయడం మర్చిపోయారు. గుట్ట మీదికి దాన్ని కూడా నేనే మోసుకొచ్చాను.

కెమెరాను మెడలో వేసుకుని, ఒక్క లెన్సు తగిలించి, మళ్లీ అదే సందులో దూరబోయాను. మేకలామె ఆపింది.

"గా ఎనక నుంచి బాటున్నది గద. మా మేకలు గట్లనే పోతయి."

ఇంతసేపూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు సర్కారోళ్లు. ఏదో పని మీదనే ఇరుక్కున్నరనుకున్న," అంది.

ఆమె వెంట పరుగెత్తాను. స్టాండు పట్టుకుని అక్క నా వెనకాల వచ్చింది. బండ దగ్గరికి చేరేసరికి వెలుతురు పలచబడుతోంది. కింది రెండు వరుసల్లో నీడలు అప్పటికే పోయాయి. ఊపిరి బిగబట్టి పైవరుసల నుంచి తీసుకుంటూ వచ్చాను. అక్క చీర కొంగు అడ్డం పట్టి ఎదురు వెలుగును కప్పింది. కింది వరుసలు ఆ నీడ వల్లే మళ్లీ కొంచెం తేలాయి. ఏడో ఎనిమిదో ఫొటోలు తీశాక సూర్యుడు పైకొచ్చేశాడు, అక్షరాలు మాయమయ్యాయి. మిగిలింది బండ, దాని పక్కన మేమిద్దరం.

ఆ ఫొటోల్లో రెండు చదవడానికి పనికొచ్చాయి. పండితులు చదివారు. ఎవరో ఎవరికో కొంత పొలం ఇచ్చారని, దాని హద్దులు ఫలానా అని ఉందట. పొలాలు ప్లాట్లు కాకుండా ఆపింది ఆ పొలం హద్దుల రాతే. పూర్తిగా ఆపిందని చెప్పను. గుట్టలో సగం పోయింది. బండ చుట్టూ కంచె వేసి, ఆ ముక్క మాత్రం వదిలిపెట్టారు.

మేము సంబరపడుతుండగానే పట్టీల సంగతి పైకి పోయింది. ప్రభుత్వ సంచిని ఎందుకు కోశారో రాయమన్నారు. ఉద్యోగినిని విడిపించుటకు కోయబడినదని అక్క రాసింది. సంజాయిషీకి ఒప్పుకున్నారు గానీ, కోసిన కొడవలి ఆఫీసు ఆస్తి అయితే దాని నంబరు రాయమన్నారు. ఆఫీసు ఆస్తి కాదని అక్క రాసింది. అయితే ఎవరిదో వారి సంతకం తెమ్మన్నారు. సూపరింటెండెంటు సారు అప్పటికి రిటైరై ఇంట్లో నడుముకు నూనె రాయించుకుంటున్నాడు. ఫోన్లో ఆయనకు ఈ సంగతి చెబితే, అడిగింది న్యాయమే కదమ్మా అన్నాడు.

ఈలోగా నేనూ అక్కా కలిసి నా సంచి నేనే కొనుక్కోవడానికి పట్నం పోయాం. ఈసారి కెమెరా వెంట తీసుకుపోయాను. దుకాణంలో కెమెరా పెట్టి, రెండు లెన్సులు పెట్టి, వేసుకుని పట్టీలు బిగించాను. కుర్చీలో కూర్చున్నాను, నేల మీద కూర్చున్నాను, వంగాను, మెట్లెక్కి దిగాను. నడుము పట్టీ తుంటి ఎముక మీద కూర్చుందో లేదో అక్క వేళ్లు పెట్టి చూసింది. వీపు వైపు నుంచి తెరుచుకునేది కావాలన్నాను, కింద పెడితే ముందు కెమెరాయే కనబడాలని. దుకాణం అతను చాలా పెద్దవి చూపించబోయాడు. ఇంతకంటే పెద్దది వద్దు, ఉంటే నింపుతానని చెప్పాను. పిల్లలూ, మీరు అడిగిన రెండు మాటలు ఇవే: మీ ఒంటికి కుదరాలి, మీకు కావాల్సినదానికంటే పెద్దది కాకూడదు. ఎవరైనా బాగుందా అని అడిగితే నిజం చెప్పండి.

సంతకం కోసం మళ్లీ ఆ గుట్టకు పోయాను. మేకలామె కంచె పక్కనే ఉంది. కాగితం చూడగానే ఆమె ముఖం మారిపోయింది. కొడవలి వెనక్కి దాచుకుంది. దాన్ని పట్టుకుపోవడానికి రాలేదని, అది నీదేనని ఒప్పుకుంటూ సంతకం పెడితే చాలని చెప్పాను. నా కొడవలి నాదేనని నేను సర్కారుకు ఎందుకు చెప్పాలని అడిగింది. నాకూ తెలియదన్నాను. అలా అన్నాక నమ్మకం కుదిరింది. పేరు కూడబలుక్కుని రాసింది.

ఆమెకు చూపిద్దామని బండ ఫొటో పెద్దది చేయించి తెచ్చాను. రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. తను రోజూ కూర్చుని సద్ది తినే రాయి మీద ఇంత రాత ఉందని ఎన్నడూ చూడలేదంది. తర్వాత ఫొటో తిప్పి వెనక వైపు చూసింది.

"మరి నా ఫొటో ఏది?" అంది.

నా దగ్గర లేదు. ఆ పొద్దున బండను తీశాను, కంచె వేశాక కంచెను తీశాను, ఫైలు కోసం కోసిన పట్టీని నాలుగు వైపుల నుంచీ తీశాను. దారి చూపిన మనిషిని మాత్రం ఒక్కసారి కూడా తీయలేదు. మర్చిపోయానని చెప్పాను.

సంతకానికే వచ్చాను కదా, కెమెరా తేలేదు. ఫోను తీశాను. ఆమె కొంగు సర్దుకుని, కొడవలి కట్టిన గడకర్ర నిలువుగా పట్టుకుని, నవ్వకుండా నిలబడింది. తీసి చూపించాను. ఫోను దగ్గరగా పట్టుకుని చూసి, బాగాలేదని తల అడ్డంగా ఊపింది.

ఫొటోలో మేకలు పడలేదట. అవన్నీ మేస్తూ ఇటు తిరిగేదాకా నన్ను ఎండలో అరగంట నిలబెట్టి, మళ్లీ తీయించుకుంది.